యూరోపియం ఫిల్మ్‌లకు చిన్న స్పిన్ కోటర్ సరిపోతుందా? రెండున్నరేళ్ల వాడకం తర్వాత నా మాట

పోయిన నెలలో శ్రీకాకుళం నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల కాలేజీలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుల కోసం స్పిన్ కోటర్ కొంటున్నారట, అంటే పలకను గిరగిరా తిప్పి దాని మీద ద్రావణాన్ని పలచటి పొరగా పరిచే మెషీన్. "అక్కా, మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకళ్లు 8,000 ఆర్‌పీఎం అంటున్నారు, ఇంకొకళ్లు 10,000, మూడోవాళ్లు 12,000. సార్ 12,000ది తీసుకుందామంటున్నారు. తీసుకోవచ్చా?" అని అడిగింది. ఆర్‌పీఎం అంటే నిమిషానికి తిరిగే చుట్లు. ఈ రెండున్నరేళ్లలో నేను 6,000 దాటించింది ఒక్కసారి కూడా లేదు. ఆ మాటే చెప్పాను. ఆ తర్వాత గంటసేపు మాట్లాడుకున్నాం. నేను కొన్నప్పుడు ఈ మెషీన్ గురించి తెలుగులో ఒక్క ముక్క దొరకలేదు కాబట్టి, ఆమెకు చెప్పినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు నా పని గురించి చెప్పాలి. అది తెలియకపోతే నేను దేన్ని బాగుందంటున్నానో, దేన్ని బాలేదంటున్నానో అర్థం కాదు. నేను విశాఖలో పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నాను. యిట్రియం ఆక్సైడ్‌లో కొద్దిగా యూరోపియం కలిపి, దాన్ని క్వార్ట్జ్ పలక మీద పలచటి పొరగా పరిచి, అది ఎలా వెలుగుతుందో చూడటం నా పని. కలపడమంటే, నూరు యిట్రియం పరమాణువులు ఉండాల్సిన చోట 95 యిట్రియం, 5 యూరోపియం కూర్చోబెట్టడం. ఆ ఐదే వెలిగేవి. మిగతా 95 వాటికి ఇల్లు.

ఇదేదో కొత్త పదార్థం కాదు. ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్ఎల్ బల్బుల్లో లోపల పూసిన తెల్లటి పొడిలో ఎరుపు ఇచ్చేది ఇదే. మన ఇళ్లలో ఒకప్పుడున్న డబ్బా కలర్ టీవీల్లో ఎరుపు కూడా యూరోపియందే, కాకపోతే అక్కడ దాని ఇల్లు వేరు. పొడిగా చేస్తే దశాబ్దాలుగా తెలిసిన విషయం. ఆ వెలుగునే అద్దంలా పారదర్శకంగా ఉండే పొరలో రాబట్టడం, పొరంతా ఒకే మందంతో పరవడం, అక్కడే కష్టం మొదలవుతుంది. ఆ పరిచే పని చేసేదే స్పిన్ కోటర్. (మా పక్కనే భీమిలి తీరంలో ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో రేర్ ఎర్త్‌లు ఉన్నాయి, అంటే యూరోపియం, యిట్రియం కోవలోని లోహాలు. నేను మాత్రం యూరోపియం నైట్రేట్ గ్రాముల సీసాల్లో తెప్పించుకుంటాను. బీచ్‌కి వెళ్లినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది.)

మాది బల్ల మీద పెట్టుకునే చిన్న మోడల్. మన దేశంలోనే తయారైంది. జీఎస్టీతో కలిపి రెండు లక్షల లోపు పడింది. కంపెనీ పేరు రాయను, కొన్నది డిపార్ట్‌మెంట్ కాబట్టి. చూడటానికి పెద్ద రైస్ కుక్కరంత ఉంటుంది. లోపల స్టీల్ గిన్నె, మధ్యలో తిరిగే చక్, చక్ మధ్యలో చిన్న రంధ్రం. ఆ రంధ్రం గుండా వాక్యూమ్ పంపు గాలి లాగితే పలక చక్‌కి అతుక్కుంటుంది. పైన పారదర్శకమైన మూత, మూతలో ద్రావణం చుక్క వేయడానికి ఒక కన్నం, నైట్రోజన్ పంపడానికి ఒక గొట్టం. వేగం, సమయం అంచెలంచెలుగా సెట్ చేసుకోవచ్చు. నాది ఎప్పుడూ ఒకటే: 500 మీద 5 సెకన్లు, 3,000 మీద 30 సెకన్లు.

పని జరిగేది ఇలా. పలకను సబ్బునీళ్లలో, అసిటోన్‌లో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వరసగా కడిగి ఆరబెడతాను. దగ్గరగా పట్టుకుని నోటితో ఆవిరి ఊదితే మంచు సమంగా పట్టి సమంగా పోవాలి. ఎక్కడైనా వేలిముద్రలా మరక మిగిలితే మళ్లీ కడగాల్సిందే. తర్వాత దాన్ని చక్ మీద సరిగ్గా మధ్యలో పెట్టి పంపు ఆన్ చేస్తాను. పలకను వేలితో మెల్లగా నెట్టి చూస్తాను, కదలకూడదు. సిరంజికి చివర 0.22 మైక్రాన్ ఫిల్టర్ తగిలించి నాలుగు చుక్కలు వేసి మూత దించి స్టార్ట్ నొక్కుతాను. మొదటి సెకన్లో ద్రావణం చివరిదాకా పాకుతుంది, రెండో సెకన్లో ఎక్కువైనది గిన్నె గోడల మీదికి చిమ్ముతుంది. ఆ తర్వాత పలక మీద రంగులు పరిగెత్తడం మొదలవుతుంది: ఊదా, నీలం, బంగారు రంగు, మళ్లీ ఊదా. పొర పలచబడుతున్న కొద్దీ రంగు మారుతుంది, వానలో రోడ్డు మీద పెట్రోలు పడితే కనిపించే రంగుల్లాంటివే. సిలికాన్ పలక అయితే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పదో సెకనుకల్లా రంగులు నిలిచిపోతాయి. మిగతా 20 సెకన్లు అది ఆరడానికి.

తీసి హాట్‌ప్లేట్ మీద 150 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, తర్వాత 400కి పెంచి అందులోని సేంద్రియ పదార్థాన్ని కాల్చేసి, చల్లారాక మళ్లీ చక్ ఎక్కించాలి. ఇలా ఆరు సార్లు. ఒకేసారి మందంగా వేసేస్తే పోదా అని ప్రతి జూనియరూ అడుగుతారు. వేస్తే పొర పగిలిపోతుంది. క్వార్ట్జ్ వేడికి దాదాపు సాగదు, మన పొర సాగుతుంది. చల్లారేటప్పుడు పొర ముడుచుకుందామంటే కింద పలక ముడుచుకోదు. ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు. అందుకే పలచగా, ఆరు పొరలు. చివర్లో ఫర్నేస్‌లో 900 డిగ్రీలు. అంతా అయ్యాక మందం 350 నానోమీటర్ల దగ్గరికి వస్తుంది. ఇప్పటికి ఈ మెషీన్ మీద 150 పలకలు చేశాను. అంటే 900 పొరలు, నా లాగ్‌బుక్‌లో అన్నీ ఉన్నాయి.

ఇక అసలు పరీక్ష. 254 నానోమీటర్ల యూవీ ల్యాంప్ కావాలి. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నాకు ఒక నెల పోయింది. దొంగనోట్లు గుర్తుపట్టడానికి అమ్మే 365 నానోమీటర్ల యూవీ టార్చి తెచ్చి నా మొదటి ఫిల్మ్ మీద వేశాను. ఏమీ కనపడలేదు. ఫిల్మ్ చెడిపోయిందనుకుని మళ్లీ మళ్లీ చేశాను. తప్పు ఫిల్మ్‌ది కాదు. యిట్రియం ఆక్సైడ్‌లో ఉన్న యూరోపియం బాగా పట్టుకునేది 250 నానోమీటర్ల చుట్టుపక్కల వెలుతురుని. మిగతా చోట్ల చాలా కొద్దిగా పట్టుకుంటుంది. పొడిలో అయితే ఆ కొద్దిపాటిదీ కంటికి తెలియొచ్చు, 350 నానోమీటర్ల పొరలో మాత్రం తెలియదు. 254 ల్యాంప్ కంటికి, చర్మానికి ప్రమాదం. కళ్లజోడు, గ్లోవ్స్ లేకుండా ఆన్ చేయకండి.

ఆ ల్యాంప్ వచ్చిన రోజు సాయంత్రం డార్క్ రూమ్‌లో నేను, మా మేడం, ల్యాబ్ అటెండర్ బాబాయ్ ఉన్నాం. మామూలుగా చూస్తే ఆ పలక కిటికీ అద్దంలా ఉంటుంది, దాని మీద ఏదో ఉందని కూడా అనిపించదు. స్విచ్ వేశాను. పలక మోదుగపువ్వు రంగులో వెలిగింది, ఎరుపులో కాస్త నారింజ కలిసినట్టు. 611 నానోమీటర్ల ఎరుపు కంటికి అలాగే కనిపిస్తుంది. అన్నిటికంటే అంచులు ఎక్కువ మెరిశాయి, నాలుగు వైపులా నిప్పుగీత గీసినట్టు. పొరలో పుట్టిన వెలుతురులో చాలా భాగం బయటికి రాలేక క్వార్ట్జ్ లోపలే అటూ ఇటూ తగులుతూ పోయి అంచుల్లో బయటపడుతుంది. బాబాయ్ ముందుకు వంగి, "ఇది నువ్వు పూసిందేనా అమ్మా?" అని అడిగారు. అవునన్నాను. ఆయన బయటికి వెళ్లి ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చారు.

కానీ ఆ వెలుగే మెషీన్ లోపాలన్నీ చూపించేస్తుంది. అదే నాకు దీనిలో నచ్చే విషయం. దుమ్ము కణం ఒకటి పడితే అక్కడి నుంచి అంచు దాకా తోకచుక్కలా ఒక గీత. పలక మధ్యలో లేకపోతే వెలుగు ఒక పక్కకి ఒరుగుతుంది.  పగటి వెలుతురులో ఇవేవీ తెలియవు. మొదటి మూడు నెలల్లో నాకు కనిపించిన గీతల్లో ఎక్కువ భాగం నా తప్పులే. ఫిల్టర్ వాడటం మొదలుపెట్టాక, మూతను ప్రతిసారీ తుడవడం అలవాటయ్యాక అవి పోయాయి. మిగిలినవాటికి మెషీన్‌దే బాధ్యత, వాటి గురించి కింద రాస్తాను.

ఆర్‌పీఎం సంగతి. కొటేషన్‌లో పై వేగం ఎంతని చూడటం కన్నా, అది చూపించే వేగం నిజమా కాదా, నిన్నటి 3,000 ఇవాళ్టి 3,000 ఒకటేనా అన్నది చూడాలి. ఇది తేల్చడానికి ఒక తేలికైన దారి ఉంది. పొర మందం వేగం వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. అంటే వేగం నాలుగు రెట్లు చేస్తే మందం సగం కావాలి. ఒకే ద్రావణంతో 1,500 మీద ఒకటి, 6,000 మీద ఒకటి వేసి, కాల్చి, మందం కొలిపించాను. 86, 44 నానోమీటర్లు వచ్చాయి. తిరిగే వేగం కొలిచే లేజర్ టాకోమీటర్‌తో కూడా చూశాను. 3,000 పెడితే 2,980 దగ్గర తిరిగింది, పది సార్లు పెట్టినా అటూ ఇటూ పది, పదిహేనే తేడా. ఈ ధరలో ఇంత నిలకడ నేను అనుకోలేదు. ఈ ఒక్క విషయంలో కంపెనీకి పూర్తి మార్కులు వేస్తాను. యూరోపియం 1, 3, 5, 7, 10 శాతాల్లో ఫిల్మ్‌లు చేసి ఏది ఎక్కువ వెలుగుతుందో పోల్చినప్పుడు, ఐదింటి మందం ఒకటే ఉందన్న ధైర్యం దీనివల్లే వచ్చింది. నాకు 5 దగ్గర వెలుగు ఎక్కువ వచ్చి, 10కి బాగా తగ్గింది. యూరోపియంలు మరీ దగ్గరైతే శక్తిని ఒకదాని నుంచి ఒకటి చేతులు మార్చుకుంటూ పోయి, ఏదో ఒక లోపం దగ్గర వేడిగా పారేస్తాయి. ఇది అందరికీ తెలిసిన విషయమే. కానీ తగ్గింది దీనివల్లా, పొర పలచబడటం వల్లా అని మేడం అడిగితే జవాబు చెప్పగలిగాను.

నైట్రోజన్ గొట్టం సంగతికొస్తే, తీసుకునేటప్పుడు ఇది అనవసరమనుకున్నాం. విశాఖలో ఉంటూ అలా అనుకోకూడదు. ఆగస్టులో ల్యాబ్‌లో తేమ మీటర్ 80 దాటి చూపిస్తుంటే, చక్ మీద తిరుగుతుండగానే పొర పాల మీగడలా తెల్లబడిపోయేది. పైగా పొరలో నీటి అంశం మిగిలితే యూరోపియం వెలుగుని అది మింగేస్తుంది. గిన్నెలోకి రెండు నిమిషాలు పొడి నైట్రోజన్ వదిలి, అది వస్తుండగానే తిప్పడం మొదలుపెట్టాక ఆ సమస్య చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. వానపడే రోజుల్లో ఇప్పటికీ కొత్త పలకలు చేయను, పాతవాటి స్పెక్ట్రాలు, అంటే ఏ రంగు వెలుతురు ఎంత వస్తోందో చూపే గ్రాఫులు, తీసుకుంటాను. సముద్రం దగ్గర ఉన్నవాళ్లు ఈ గొట్టం లేని మోడల్ తీసుకోవద్దు.

టెర్బియంతో ఆకుపచ్చ ఫిల్మ్‌లు కూడా ఈ మెషీన్ మీదే కొన్ని చేశాను. పరవడంలో తేడా ఏమీ లేదు. టెర్బియం ఇబ్బంది అంతా ఫర్నేస్ దగ్గరే. మామూలు గాలిలో కాలిస్తే కొంత టెర్బియం నాలుగో ఆక్సీకరణ స్థితికి వెళ్లిపోయి వెలగదు.

ఇప్పుడు బాలేనివి. మొదటిది ఓ-రింగ్. చక్ మీద పలక కింద ఉండే రబ్బరు వలయం ఇది. కంపెనీ ఇచ్చింది నైట్రైల్ రబ్బరు. తుడిచేటప్పుడు అసిటోన్ తగిలి నాలుగు నెలలకే ఉబ్బి, పలక సమంగా కూర్చోవడం మానేసింది. ఒకసారి 3,000 మీద ఇంచు క్వార్ట్జ్ పలక ఊడి గిన్నె గోడకి కొట్టుకుని మూడు ముక్కలైంది. మూత వేసి ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. గాజువాక దగ్గర హైడ్రాలిక్ స్పేర్లు అమ్మే షాపులో అదే సైజులో, అసిటోన్‌కి ఉబ్బని ఈపీడీఎం రబ్బరువి దొరికాయి, ఒక్కోటి టీ ఖర్చు కన్నా కాస్త ఎక్కువ. అవి వేశాక మళ్లీ ఆ బాధ లేదు. ఇంత చిన్న వస్తువు మొదట్లోనే సరైనది వేసి ఇవ్వడానికి కంపెనీకి ఏమైందో నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండోది మూత. ఆక్రిలిక్‌తో చేశారు. ఆక్రిలిక్‌కి అసిటోన్ పడదు, మసకబారి సన్నటి పగుళ్లు వస్తాయి. స్పిన్ కోటర్ దగ్గర అసిటోన్ ఉండదని ఎవరైనా ఎలా అనుకుంటారు? ఇప్పుడు మా మూతలోంచి రంగులు పరిగెత్తడం సరిగ్గా కనిపించదు. మీరు తీసుకుంటే సబ్బునీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో తప్ప దేనితోనూ తుడవకండి, ఆ మాట మూత మీదే రాసి అంటించండి.

మూడోది అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెట్టించింది. పంపుకీ చక్‌కీ మధ్య ట్రాప్ సీసా, అంటే పంపులోకి పోకుండా ద్రావణాన్ని ఆపే సీసా, ఇవ్వలేదు. పలక పెట్టకుండానో, చక్ రంధ్రం పూర్తిగా మూసుకోకుండానో ద్రావణం వేస్తే, అది నేరుగా గొట్టంలోకి పోతుంది, అక్కడే జెల్‌లా గడ్డకడుతుంది. మా దగ్గర అదే జరిగింది. గొట్టం మార్చాల్సి వచ్చింది, పంపు విప్పి శుభ్రం చేయించాల్సి వచ్చింది. తర్వాత మా బాబాయ్ రెండు గొట్టాలు దూర్చిన కోనికల్ ఫ్లాస్క్ ఒకటి మధ్యలో బిగించారు, అదే ఇప్పటికీ పనిచేస్తోంది.

సర్వీస్ గురించి చెప్పకపోతే రివ్యూ పూర్తి కాదు. 19వ నెలలో మోటారు కుదుపులతో తిరగడం మొదలైంది. తెర మీద 3,000 అనే చూపిస్తోంది, ల్యాంప్ కింద ఫిల్మ్ మాత్రం చారలు చారలుగా వెలుగుతోంది. వారంటీ 12 నెలలే. ఫోన్ చేస్తే మెషీన్ పంపించమన్నారు. థర్మాకోల్ పెట్టి చెక్కపెట్టె చేయించి లారీ పార్శిల్‌లో పంపాం. 26 రోజులు పట్టింది. కంట్రోలర్ కార్డు మార్చారు, 14,000 అయింది. ఆ 26 రోజుల్లో నా రీసెర్చ్ రివ్యూ ఉంది. ఎంత టెన్షన్ పడ్డానో ఇంట్లోవాళ్లకి తెలుసు. ఫోన్ ఎత్తేవాళ్లు మర్యాదగానే మాట్లాడేవారు, కానీ "రేపు చెప్తాం మేడం" అన్న మాట ఎనిమిది సార్లు విన్నాను. తిరిగొచ్చాక మాత్రం వాళ్ల టెక్నీషియన్ ఒకాయన వీడియో కాల్‌లో రెండు గంటలు కూర్చుని వేగం సరిచూసే పద్ధతి ఓపిగ్గా నేర్పించారు. స్టెబిలైజర్ లేకుండా నడపడం వల్లే కార్డు పోయి ఉండొచ్చని ఆయనే చెప్పారు. ఆ మాట కొన్న రోజున చెప్పాల్సింది. ఇప్పుడు ఆన్‌లైన్ యూపీఎస్ మీద నడుపుతున్నాం.

ఇంకో విషయం. నేను వాడే ద్రావణంలో 2-మిథాక్సీ ఇథనాల్ ఉంటుంది. అది పునరుత్పత్తి ఆరోగ్యానికి హాని చేసేది, ఆవిరి పీల్చకూడదు, చర్మానికి తగలకూడదు. అంటే స్పిన్ కోటర్ ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగేసే అద్దం తలుపు పెట్టె) లోపలే ఉండాలి. ఆర్డర్ ఇచ్చేముందు హుడ్ వెడల్పు, లోతు, ఎత్తు టేపుతో కొలవండి. మూత పూర్తిగా తెరిచినప్పటి ఎత్తు కూడా అడగండి. మాది మూత తెరిస్తే హుడ్ అద్దానికి రెండు వేళ్ల దూరంలో ఆగుతుంది, అదృష్టం. మా పక్క ల్యాబ్‌లో మెషీన్ హుడ్‌లో పట్టక బయట బల్ల మీద పెట్టారు. అక్కడ పనిచేసే పిల్లల గురించి నాకు దిగులుగా ఉంటుంది.

మెషీన్ ధర ఒక్కటే చూసుకుని బడ్జెట్ వేయొద్దు. పంపు, యూపీఎస్, 254 ల్యాంప్, ఫిల్టర్లు, నైట్రోజన్ సిలిండర్, వీటికి కలిపి మాకు ఇంకో 90,000 దాకా అయింది. క్వార్ట్జ్ పలకలు విడిగా. మామూలు గాజు స్లైడ్‌లతో సరిపెట్టుకుందామని ఒకసారి 700 డిగ్రీలకు పెట్టి చూశాను. తెల్లారి ఫర్నేస్ తెరిస్తే స్లైడ్ అల్యూమినా పడవలో (ఫర్నేస్‌లో పెట్టే పింగాణీ లాంటి పళ్లెం) అప్పడంలా వంగి అతుక్కుని ఉంది. పరవడం నేర్చుకోవడానికి గాజు చాలు, కాల్చడానికి క్వార్ట్జే కావాలి.

ఇన్ని ఇబ్బందులు చెప్పాక కూడా ఇదే మోడల్ మళ్లీ కొంటారా అంటే, కొంటాను. దిగుమతి మెషీన్లకు మాకు వచ్చిన కొటేషన్లలో తక్కువదే దీనికి నాలుగు రెట్లు ఉంది. నా ఫిల్మ్‌ల వెలుగులో ఆ నాలుగు రెట్ల తేడా రాదు. ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒక్కటీ ఓ-రింగ్‌కీ, మూతకీ, ఆ 26 రోజులకీ. శ్రీకాకుళం అమ్మాయికి చెప్పింది కూడా ఇదే: 12,000 ఆర్‌పీఎం వదిలేసి, ఆ డబ్బుతో ల్యాంపూ యూపీఎస్సూ కొనుక్కోమని, ఆరు ఈపీడీఎం ఓ-రింగులు, ఒక ట్రాప్ సీసా ఆర్డర్‌లోనే రాయించుకోమని, రెండేళ్ల వారంటీ లేనిదే సంతకం పెట్టొద్దని సార్‌తో గట్టిగా చెప్పమని.

నేను థీసిస్ రాసుకుంటున్నాను కాబట్టి మెషీన్ ఇక జూనియర్ చేతికి వెళ్తోంది. ఇచ్చేముందు ఆమెతో 1,500, 6,000 పరీక్ష మళ్లీ చేయించాను. మందం కొలిపించి నిన్న సాయంత్రం తనే లాగ్‌బుక్‌లో రాసింది: 88, 45.